దారి ఇచ్చిన రాజ్యం

ఆ రోజు ఇంట్లో తాతయ్య, పిన్ని, నేను ఉన్నాం. మర్నాడు బడిలో పాతకాలపు యుద్ధం ఒకటి క్లుప్తంగా చెప్పాలి. నలుగురిలో నా గొంతు ఎక్కువసేపు నిలవదు. అందుకని రెండు సామ్రాజ్యాలను ఉంచి, వాటి మధ్యనున్న చిన్న రాజ్యం పేరు నా కాగితంలో కొట్టేశాను.

"అది కత్తే పట్టలేదు. సైన్యాలకు దారి ఇచ్చిందంతే," అన్నాను.

"ఆడి చూద్దాం పద," అంటూ పిన్ని గరిటె పట్టుకుని వంటింట్లో నిలబడింది. తాతయ్య దిండు ఎత్తుకుని హాల్లోంచి దండెత్తి వచ్చాడు. మధ్య గుమ్మంలో నేను.

ఎప్పటిలాగే పక్కకు తప్పుకోబోయాను. ఏం బుద్ధి పుట్టిందో, చేతులు బార్లా చాపేశాను.

"దారి ఇవ్వను."

తాతయ్య దిండుతో సహా ఆగిపోయాడు. "ఇలాగైతే నేనెవరితో కొట్టుకోవాలే?"

"నాచేత ఊరికే గరిటె పట్టించావా తల్లీ?" అంది వెనక నుంచి పిన్ని.

నవ్వి నవ్వి నాకు పొట్ట నొప్పెట్టింది. "నేను దారి ఇస్తేనే మీ యుద్ధం," అన్నాను. అంత గట్టిగా ఆ ఇంట్లో నేనెప్పుడూ మాట్లాడలేదు. కొట్టేసిన పేరు మళ్ళీ రాయాలి.

శత్రువులిద్దరూ నా తల మీదుగా చూసుకున్నారు.

"సంధి చేసుకుందామా నాన్నా?"

"చేసుకుందాం. ముందు దీని సంగతి చూడు."

చెరో రెక్కా పట్టుకుని నన్ను వీధి వరండాలో దించారు.

"సంధిలో చిన్న రాజ్యాలకు చోటుండదమ్మా," అన్నాడు తాతయ్య.

పిన్ని నవ్వు ఆపుకుంటూ నా ముఖం మీదే తలుపు వేసేసింది.