చెల్లని ఒక్క ఓటు

"సర్పంచి ఎన్నికలో ఓట్లు సమానమైతే చీటీ తీశారండీ. మా బావమరిది పేరొచ్చింది. కానీ నా ఓటొకటి ఈవిడ మింగేసింది. అది లెక్కేస్తే గెలుపు నాదే," అన్నాడు బోనులోని పెద్దమనిషి. రిజిస్ట్రారుగా ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు.

ఈవిడంటే లెక్కింపు గుమాస్తా. ఒకప్పుడు అతని దగ్గరే పనిచేసింది. అతని ఫిర్యాదు వల్ల ఏడాదిగా ఉద్యోగం లేక ఇంట్లో ఉంది.

"మా అక్క ఎవరికి వేసిందో ముందు అది కనుక్కో బావా," అన్నాడు బావమరిది వెనక బెంచీ నుంచి.

"నోర్ముయ్యరా, దొంగ గెలుపు వెధవా."

జడ్జి ఇద్దర్నీ కసిరి, చెల్లని ఓట్ల కవరు తెరిపించారు. లోపల ఒకటే బ్యాలెట్ ఉంది. ముద్ర రిజిస్ట్రారు గుర్తు మీదే పడింది.

"చూశారా! నాకు పడ్డదాన్ని చెల్లదంది, దొంగది."

"ముద్ర కింద పొడి సంతకం ఉంది. ఓటరెవరో తెలిసేలా రాస్తే ఓటు చెల్లదు," అన్నారు జడ్జి.

"ఏ బుద్ధిలేనివాడు పెట్టాడండీ?"

జడ్జి బ్యాలెట్‌ను అతని వైపు తిప్పి, పక్కనే అతని పిటిషన్ పెట్టారు. ప్రతి పేజీలోనూ అదే పొడి సంతకం. ముప్పై ఏళ్లలో ముద్ర వేశాక కింద సంతకం పెట్టకుండా అతని చెయ్యి ఏనాడూ ఆగలేదు.

అతను గుమాస్తా వైపు తిరిగాడు. "నా సంతకం నీకు తెలుసుగా. ఎందుకు చెప్పలేదు?"

"ఎవరి ఓటో బయటపెట్టనని రాసిచ్చాను సార్," అంది ఆమె. "సంతకం పెట్టాక మాట తప్పకూడదని నేర్పింది మీరే."