డొల్ల బీము

"ఇల్లు ఖాళీ చెయ్యండి. ఇవాళే," అన్నాడు నబీ సాహెబ్ గుమ్మంలో నిలబడి, చెప్పులు కూడా విడవకుండా.

గంగాధర్ చేతిలో ఇడ్లీ ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆర్నెల్ల క్రితం ఈ ఇంటిని తనకు అమ్మి, రిజిస్ట్రేషను చేసి, బాపట్ల వెళ్లిపోయిన పెద్దమనిషి పొద్దున్నే తెనాలిలో రైలు దిగి వచ్చి ఇలా అంటే ఎవరికి మాత్రం టిఫిన్ దిగుతుంది?

"ఏంటి సాయిబుగారూ? అమ్మిన ఇంట్లోంచి మమ్మల్ని పొమ్మంటారా?"

"మీ డబ్బంతా తిరిగిచ్చేస్తాను బాబూ. మీ దగ్గర ఒక సంగతి దాచాను." నబీ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. "ఈ హాలు మొదట్లో ఇంత లేదు. మధ్యలో గోడ ఉండేది. పెద్ద హాలు కావాలని నేనే తీయించేశాను. ప్లాను లేదు, పర్మిషను లేదు, ఎక్కడా కాగితం ముక్క లేదు. పైన స్లాబు బరువంతా ఆ గోడ మీదే ఉండేదట."

"మరి బీము ఉందిగా!" గంగాధర్ ఎడంచేత్తో పైకి చూపించాడు.

దారి పొడుగునా నబీ సాహెబ్ భయపడుతూ వచ్చింది ఆ మాటకే. నోటితో చెప్పలేక చేతిలోని గొడుగు పైకెత్తి బీమును పొడిచాడు. ఖాళీ డబ్బా చప్పుడు వచ్చింది.

"చెక్క పెట్టె బాబూ. కొనేవాళ్లకు కనపడాలని బిగించి సిమెంటు రంగు కొట్టించాను. అది స్లాబును మొయ్యట్లేదు. స్లాబే దాన్ని మోస్తోంది."

వంటింట్లోంచి గంగాధర్ భార్య భాగ్యశ్రీ ఒక్క ఉదుటున వచ్చి, హాల్లో ఉయ్యాల్లో ఉన్న పాపను ఎత్తుకుంది. నబీ సాహెబ్‌కు ప్రాణం లేచొచ్చింది. ఒక్కరైనా నమ్మారు.

"ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా?" అంది మంచం మీంచి అంకాలమ్మ. గంగాధర్ తల్లి ఆవిడ. రేపల్లె అవతల రేవులో చేపల బుట్టల దగ్గర జీవితమంతా బేరాలాడిన మనిషి. ఆవిడ దగ్గర లాభపడి వెళ్లినవాడు ఇంతవరకూ లేడు.

"చెబితే ఎవరూ కొనరని నోరు మూసుకున్నాను చెల్లెమ్మా. మొన్న వానకి మా బాపట్ల వీధిలో ఇలా గోడ తీసిన ఇల్లే కూలింది. కిందనుంచి పిల్లాణ్ణి తీస్తుంటే చూశాను. అప్పట్నుంచీ కన్ను మూస్తే మీ పాపే కనబడుతోంది."

అంకాలమ్మ కొడుకు వైపు తిరిగింది. "రింగురోడ్డు వస్తుందంట గదరా, గజం రేటు పెరిగింది. సాయిబుగారికి అందుకే కన్ను మూతపడట్లేదు."

"అల్లా సాక్షిగా చెబుతున్నాను చెల్లెమ్మా!"

"డొల్ల చప్పుడు మనమూ విన్నాంగా," అంది భాగ్యశ్రీ భయంభయంగా. "ఎవరైనా మేస్త్రీకి చూపిద్దామండీ."

"డొల్లయితే ఏంటే? మన పడవలన్నీ లోపల డొల్లే. ములిగాయా?"

గంగాధర్ పకపకా నవ్వాడు. నబీ సాహెబ్ తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. అమ్మేరోజున తను చెప్పిన అబద్ధాన్ని వీళ్లు మజ్జిగ ఇచ్చి మరీ నమ్మారు. ఇవాళ నిజం చెబుతుంటే కూర్చోమని కూడా అనడంలేదు.

"నేను మున్సిపాలిటీకి వెళ్లి చెబుతాను," అన్నాడు.

"చెప్పండి. గోడ తీసింది మీరేగా," అంది అంకాలమ్మ.

"రిజిస్ట్రేషను ఖర్చులు కూడా ఇస్తాను."

తల్లీకొడుకులు మొహమొహాలు చూసుకున్నారు.

"మీరు వేయించిన రంగులకీ, మోటారుకీ కూడా ఇస్తాను."

"ఊఁ," అంది అంకాలమ్మ. బేరంలో ఎదుటివాడు మెట్టు మెట్టూ పైకి వస్తుంటే అనే ఊఁ అది.

తను పెంచినకొద్దీ వాళ్ల అనుమానమూ పెరుగుతోందని నబీ సాహెబ్‌కు తెలుస్తూనే ఉంది. అయినా ఏం చేస్తాడు? జేబులోంచి రుమాలు మూట తీసి విప్పాడు.

"ఇవి మా ఇంటావిడ జైనబ్ బీ గాజులు. పెళ్లినాటి నుంచి వేసుకున్నవి, ఇవాళే చేతులనుంచి తీసింది. బాపట్లలో మాకున్న స్థలం కూడా రాసిస్తాను. మొత్తం కలిపితే మీరు పెట్టినదానికి రెట్టింపు. ఇంతకుమించి నా దగ్గర ఏమీ లేదు. మీకు దణ్ణం పెడతాను, పాపను తీసుకుని బయటికి రండి బాబూ."

గంగాధర్ మొహంలో నవ్వు ఆరిపోయింది. గాజుల వైపు చూశాడు. పైకప్పు వైపు చూశాడు. లేచి చెయ్యి కడుక్కుని, సెల్‌ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్లాడు. భాగ్యశ్రీ పాపను భుజాన వేసుకుని వీధి గుమ్మం దగ్గరకు వచ్చి నిలబడింది.

నబీ సాహెబ్ గోడకు చేరగిలబడ్డాడు. నమ్మాడు, చివరికి నమ్మాడు. సామాన్లకు బండి పిలుస్తున్నట్టున్నాడు. ఇక ఈ కొంప ఎప్పుడు కూలినా ఖాళీగా కూలుతుంది. బాపట్లలో ఏ చెట్టు కింద ఉన్నా ఫరవాలేదు, ఈ రాత్రి నిద్ర పడుతుంది. కళ్లు తుడుచుకున్నాడు.

గంగాధర్ తిరిగొచ్చాడు. గాజులను జాగ్రత్తగా రుమాల్లో మూటకట్టి నబీ సాహెబ్ చేతిలో పెట్టాడు. భార్య భుజం మీంచి పాపను తీసుకుని మళ్లీ ఉయ్యాల్లో పడుకోబెట్టాడు.

"మీ మేలు మర్చిపోలేం సాయిబుగారూ," అన్నాడు. "పాత కొంప, దీనిమీద ఇంకా డబ్బు పొయ్యడం ఎందుకని ఇన్నాళ్లూ వెనకాడుతున్నాం. ఇంట్లోవాళ్ల గాజులమ్మి రెట్టింపిచ్చి మీరే కొంటానంటుంటే ఇంక ఆలోచించేదేముంది? ఇప్పుడే ఇటుకలకి ఫోను చేసి చెప్పాను, రేపట్నుంచే పైన ఇంకో అంతస్తు లేపుతున్నాం."