మూడు నీటిగుంటలు

ఉదయం ఎనిమిదింటికల్లా సముద్రం బాగా వెనక్కి పోయింది. నల్లరాళ్ళ మధ్య నీటిగుంటలు బయటపడ్డాయి. లిఫ్టు మెకానిక్ అప్పటికే గంట నుంచి అక్కడ నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కాతో.

రెండు నెలలుగా అతను సముద్ర జీవుల పుస్తకం ఒకటి బట్టీ పడుతున్నాడు. లిఫ్టు తీగలకు గ్రీజు రాస్తూ కూడా పేర్లు వల్లించేవాడు.

"ఈ వయసులో నీకిదేం పిచ్చి?" అన్నాడు తోటి మెకానిక్.

"ఈ ఒక్కసారికి గట్టెక్కనీ," అన్నాడితను.

ఆఫీసరమ్మ చెప్పిన టైముకే వచ్చింది. చేతిలో ఫైలు. వెంట తొమ్మిదేళ్ళ పాప, కాళ్ళకి రబ్బరు బూట్లు.

"గంటన్నర టైము. మామూలుగానే చూపించండి. నేను లేననుకోండి," అని ఆఫీసరమ్మ ఎత్తుగా ఉన్న రాయి చూసుకుని కూర్చుంది. పెన్ను మూత తీసింది.

"తప్పు చెబితే రాస్తారా మేడమ్?"

"అన్నీ రాస్తాను."

మొదటి గుంట బాగానే గడిచింది. నక్షత్ర చేప చూపించాడు. దాని చెయ్యి తెగితే మళ్ళీ మొలుస్తుందన్నాడు. పాప తెలుసంది. సన్యాసి పీత చూపించాడు. ఇంకొకరు వదిలేసిన గవ్వలో కాపురముంటుందన్నాడు. అదీ తెలుసట.

"ఇక్కడ పాచి ఉంది, చెయ్యి పట్టుకో."

పాప పట్టుకోలేదు. బూట్లు పాచిమీద జారవని చెప్పింది.

రెండో గుంట అడుగున నల్లగా, లావుగా ఏదో పడి ఉంది.

"ఇదేంటి?" అంది పాప.

పుస్తకంలో బొమ్మలన్నీ అతని బుర్రలో కలగాపులగమైపోయాయి. "రాయి," అన్నాడు.

రాయి మెల్లగా పక్కకి జరిగింది.

"సముద్రపు దోసకాయ," అంది పాప. "కూరగాయ కాదు, జంతువే."

ఆఫీసరమ్మ పెన్ను గబగబా కదిలింది. అతని చొక్కా వీపున తడిసిపోయింది.

మూడో గుంటలో పువ్వులా విచ్చుకున్నదొకటి కనిపించింది. ఇది మాత్రం అతనికి బాగా వచ్చు. "సముద్ర పుష్పం," అంటూ ఉత్సాహం కొద్దీ వేలు పెట్టాడు. అది చటుక్కున ముడుచుకుని గుండీ అంతైపోయింది.

పాప మొహం కూడా ముడుచుకుంది. "భయపెట్టేశారు."

"మళ్ళీ విచ్చుకోదా?"

"మనం కదలకుండా ఉంటే విచ్చుకుంటుంది."

"ఎంతసేపు?"

"దానిష్టం."

ఇంకా చూపించాల్సిన గుంటలు నాలుగున్నాయి. వాటికోసం కంఠతా పట్టిన పేర్లు ముప్పై దాకా ఉన్నాయి. అతను ఒకసారి ఫైలు వంక చూశాడు. తర్వాత ఇస్త్రీ చొక్కాతోనే తడిరాతి మీద బోర్లా పడుకున్నాడు. పాప కాసేపు నిలబడి చూసి, పక్కనే తనూ పడుకుంది.

అయిదు నిమిషాలైంది. పదైంది. చిన్న పీత ఒకటి అతని మోచేతి మీదుగా తాపీగా నడిచి వెళ్ళింది. అతను కదల్లేదు.

"ఊపిరి పీల్చుకోవచ్చు," అని పాప గుసగుసలాడింది.

ఆఫీసరమ్మ రాయడం మానేసి చాలాసేపైంది.

ఇరవై అయిదో నిమిషంలో ముడుచుకున్న పువ్వు సడలింది. ఒక్కో రేకూ బెదురుతూ బయటికొచ్చింది. ఇద్దరూ తలలు దగ్గరపెట్టి చూశారు. ఈసారి అతను వేలు పెట్టలేదు.

"టైమైపోయింది," అంది ఆఫీసరమ్మ.

అతను లేచాడు. చొక్కా ముందంతా నాచు. "ఏడు గుంటలకి మూడే చూపించగలిగాను మేడమ్. అందులోనూ ఒక జంతువుని రాయి అన్నాను."

"రాసుకున్నాను."

పాప కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగింది. "మిగతా నాలుగూ మీరే చూపిస్తారా?"

అతను ఆఫీసరమ్మ వంక చూశాడు.

"నా రిపోర్టు చూసి పైవాళ్ళు చెప్తారు," అందావిడ.

మర్నాడు ఫ్యామిలీ కోర్టుకు చేరిన ఆ రిపోర్టులో ఒక్క సముద్ర జీవి పేరూ లేదు, 'ఇకమీదట పర్యవేక్షణ లేకుండానే పాపను ఆమె తండ్రితో పంపవచ్చు' అని మాత్రం ఉంది.