బానెట్ మీద బుడిపె

"ఇవాళ స్పెక్ ఫ్రీజ్. ఇక మార్పుల్లేవండీ!" అన్నాడు ఉదయ్ భాస్కర్.

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ మేనేజరు. కారు చేయించుకోవడానికీ ఆఫీసు భాషే.

అతను నిలబడ్డది నార్సింగిలో సంయుక్త షెడ్డులో. పాత కార్లకు అచ్చమైన నకళ్ళు తయారుచేయడం ఆమె పని.

ఉదయ్‌కి కావలసింది యాభై ఏళ్ళ క్రితం ఒక రన్‌వే మీద పందెం గెలిచిన ఎర్ర కారు. అసలుది ఎప్పుడో తుక్కులోకి పోయింది. మిగిలింది ఒక్క ఫొటో.

ఆదివారాలు ట్రాక్ మీద పరుగెత్తాలి, మిగతా రోజులు ఆఫీసుకు వెళ్ళాలి. అయినా ఫొటోలో ఉన్నదానికి వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఆ కారు నడిపిన విశ్వేశ్వరరావుగారికి ఎనభై దాటాయి. ఆయన వచ్చి చూసి "ఇది నా బండే" అనాలి. ఉదయ్‌కి ఆ ఒక్క మాట కావాలి.

మంచినీళ్ళకు వచ్చిన ఓ ముసలాయన గోడ మీది ఫొటో దగ్గర ఆగిపోయాడు. పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్.

"గిదే చేస్తున్నరా సారూ?"

"అవును. అచ్చం ఇలాగే."

"అచ్చం గిట్లనే అయితే రోడ్డు మీద పరేషానే. ఖాజాగూడ స్పీడ్ బ్రేకర్‌కే కడుపు తాకుతది. జర రెండంగుళాలు లేపుండ్రి."

"పెద్దాయనా, ఛేంజ్ రిక్వెస్ట్ పెట్టు. చూద్దాం," నవ్వాడు ఉదయ్.

ముసలాయనకు అర్థం కాలేదు. బల్ల మీద పరిచిన కారు డ్రాయింగులో బానెట్ కుడివైపున్న బుడిపె మీద వేలు పెట్టాడు.

"గిది గూడ పెడ్తరా?"

"అదే ముఖ్యం! ఇంజన్‌కి గాలి ఆడటానికి పెట్టారు. ఆర్నెల్లు రీసెర్చ్ చేశాను."

"గాలికి కాదు సారూ. సుత్తె దెబ్బ ఒకటి ఎక్కువ పడ్డది, గంతే. తీసెయ్యుండ్రి. చూస్తే సిగ్గయితది."

"నా కారు చూస్తే నీకెందుకయ్యా సిగ్గు?"

ముసలాయన అక్కడున్న రేకును ఒకసారి నిమిరి, నీళ్ళ సీసా తీసుకుని వెళ్ళిపోయాడు.

"మన ఊళ్ళో ఎక్స్‌పర్టులకేం కొదవ లేదండీ!" అన్నాడు ఉదయ్. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

సంయుక్త రెండంగుళాల మాట మాత్రం రాసిపెట్టుకుంది.

ఎనిమిది నెలలకు కారు రోడ్డెక్కింది. ఖాజాగూడ స్పీడ్ బ్రేకర్‌ని చిన్న గీత కూడా పడకుండా దాటింది. ఉదయ్ కాళ్ళు నేల మీద నిలవలేదు.

"చూశారా మన లెక్క!"

"మనది కాదు, రెండంగుళాలు లేపమన్న ఆ వాచ్‌మన్‌ది," అంది సంయుక్త.

ఉదయ్ నాలుక్కరుచుకున్నాడు. మనసు మంచిదే, అప్పుడే వెతుక్కుంటూ వెళ్ళాడు. అపార్ట్‌మెంట్లు పూర్తయ్యాయి, పాత వాచ్‌మన్ వెళ్ళిపోయాడు. ఏ ఊరో ఎవరికీ తెలీదు. పేరు ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారం విశ్వేశ్వరరావుగారు వచ్చారు. కారు చుట్టూ మెల్లగా తిరిగారు. బుడిపె మీద అరచెయ్యి ఆనించి పకపకా నవ్వారు.

"ఇది నా బండే!"

ఉదయ్‌కి జన్మ ధన్యమైంది.

"ఈ బుడిపె గాలి కోసమే కదండీ?"

"గాలీ లేదు, గీలీ లేదు బాబూ. ఈ బండి ఒళ్ళంతా ఒక్కడే సుత్తితో కొట్టి చేశాడు, ఈ ఒక్క దెబ్బ తప్పిందని సిగ్గుపడి, గెలిచాక ఫొటోలోకి ఎంత పిలిచినా రాలేదు మా రాజయ్య!"