చెవి పని

"చెవులు వినపడని పిల్లను చెవి పనికి పంపుతున్నారేందమ్మా?" అన్నాడు షెడ్డు యజమాని నిత్యానందం, చేతిలోని కాగితం సగం కూడా చదవకముందే.

పలకల షెడ్డు గుమ్మంలో టీచర్ మాధవి నిలబడి ఉంది. ఆమె పక్కన పద్దెనిమిదేళ్ళ ప్రసన్న.

"నెల రోజుల ఇంటర్న్‌షిప్ సార్. మా ప్రత్యేక పాఠశాల పిల్లలు బయట పని నేర్చుకోవాలని పంపుతున్నాం. చివర్లో మీరు 'పనికొస్తుంది' అని రాస్తే, తనకు ఎక్కడో ఒకచోట ఉద్యోగం చూస్తాం."

"రాయకపోతే?"

"వాళ్ళది అర్ధవీడు సార్. వాళ్ళ నాయన బేల్దారి పనికి హైదరాబాద్ పోతాడు. తననూ తీసుకుపోతాడు. ఇంక ఇటుకలు మొయ్యడమే."

నిత్యానందం మనసులో బేరీజు వేసుకున్నాడు. జీతం ఇవ్వనక్కర్లేదు. ఉండేది నెలే. ఊళ్ళో మంచిపేరు. నష్టమేమీ కనబడలేదు.

"అంకన్న చేతికింద కూర్చోబెట్టండి."

ఆ షెడ్డులో గోడలకు అంటించే రాతి పలకలు కోసి, పెట్టెల్లో సర్ది చెన్నైకి పంపుతారు. పలక మంచిచెడ్డలు చెప్పేది చెవి. వేలితో తడితే ఖంగుమనాలి. లోపల కంటికి కనబడని నెర్రె ఉంటే మొద్దుగా మోగుతుంది. అది పెట్టెలోకి పోయిందా, చెన్నై చేరేలోపు రెండు ముక్కలు.

ముప్ఫై ఏళ్ళుగా అక్కడ చెవి పని అంకన్నది.

కోత మిషన్ల రొదలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందరూ పెదాలు చూసి, చేతులు ఊపి మాట్లాడుకుంటారు. రెండోరోజుకే ప్రసన్న వాళ్ళలో కలిసిపోయింది.

ఆమె పలకను ఎడమచేతి వేళ్ళ కొసలమీద నిలిపి, కుడిచేత్తో తట్టేది. కొన్నింటిని పక్కన పెట్టేది. అంకన్న వాటిని అందుకుని, చెవి దగ్గర పెట్టుకుని, తట్టి, తలూపి, పనికిరానివాటి కుప్పలో వేసేవాడు.

"నాతో నా మొగుడే మాట్లాడడు, నీతో రాళ్ళు మాట్లాడతాయా పాపా?" అనేది సుబ్బులమ్మ, పెట్టెల్లో గడ్డి పరుస్తూ.

ప్రసన్న ఆమె పెదాలు చూసి కిసుక్కున నవ్వేది.

ఆ నెలలో నాలుగు లోడ్లు పోయాయి. చెన్నై నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదు.

నిత్యానందానికే నమ్మకం కుదరలేదు. రెండేళ్ళుగా ప్రతి లోడుకీ విరిగాయనే ఫోన్లు. లారీని మార్చాడు. డ్రైవర్లను తిట్టాడు. రోడ్డుమీది గుంతలను తిట్టాడు. ఈ నెల మాత్రం గడ్డి మందంగా వేయించాడు.

"చూసినావా సుబ్బులమ్మా, కిటుకంతా గడ్డిలో ఉండె," అన్నాడు.

నెల తిరిగింది. మాధవి కాగితం పట్టుకుని వచ్చింది. బయట లారీ హారన్ కొడుతోంది. నిత్యానందం చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, ఇంకో చేత్తో డ్రైవర్‌ను ఆగమంటూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎట్లుంది అంకన్నా పాప పని?"

అంకన్న చేతిలోని పలకను పక్కన పెట్టాడు.

"నేను తట్టి చూడందే ఏదీ తేలదు గదయ్యా. ఊరికే చేతికి అందిస్తాది."

"అంటే ఒకరి పనికి ఇద్దరు."

"అట్లనే అనుకోండయ్యా."

"సార్, ఇంకో రెండు నెలలు చూస్తే..." అంది మాధవి.

"జాలిపడి షెడ్డు నడపలేనమ్మా."

'పనికి సరిపోదు' అని రాసి, సంతకం చేసి, లారీ దగ్గరికి పరిగెత్తాడు.

ప్రసన్న ఆ రెండు మాటలూ చదివింది. అంకన్న వైపు చూసింది. అతను ఇంకో పలక తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

తర్వాతి లోడుకే చెన్నై నుంచి ఫోన్ వచ్చింది.

"నలభై పెట్టెలు విప్పితే పదిహేనింట్లో ముక్కలేనండీ!"

"గడ్డి మందంగానే వేసినామండీ."

"గడ్డి ఏం చేస్తుందండీ, రాయిలోనే నెర్రె ఉంటే? ఇంకో లోడు ఇలా వస్తే మీ సరుకు మాకొద్దు."

నిత్యానందం సిద్ధంగా ఉన్న పెట్టెను బయటికి లాగించి, మిషన్లకు దూరంగా కూర్చుని తానే తట్టి చూశాడు. పది పలకల్లో మూడు మొద్దుగా మోగాయి. అతని చెవికే తెలిసిపోయింది.

గుమ్మం నుంచి షెడ్డు చివరికీ, చివరి నుంచి గుమ్మానికీ తిరిగాడు. గడ్డి అదే. లారీ అదే. అంకన్నా ఉన్నాడు. తగ్గింది ఒక్క మనిషి.

మాధవికి ఫోన్ చేశాడు.

"ప్రసన్నను రేపే పంపండమ్మా. జీతం ఇస్తా."

"సోమవారమే హైదరాబాద్ పోయింది సార్. వాళ్ళ నాయన ఫోన్ కలవడం లేదు."

చేతికి అందించే పిల్ల పోతే లోడెట్లా పాడవుతుంది? ఎటు నుంచి చూసినా పొసగలేదు. విసవిసా పోయి అంకన్న వెనకాల నిలబడ్డాడు.

అప్పుడే కరెంటు పోయింది. మిషన్లు ఆగిపోయాయి. షెడ్డంతా చప్పుడు లేదు.

"అంకన్నా!"

అంకన్న కదల్లేదు.

"ఓ అంకన్నా!"

అల్లంత దూరంలో ఉన్న సుబ్బులమ్మ ఉలిక్కిపడి తిరిగింది. అంకన్న చెవి దగ్గర పలక పెట్టుకుని తడుతూనే ఉన్నాడు.

నిత్యానందం మెల్లగా అతని ఎదుటికి వెళ్ళాడు. అంకన్న తలెత్తి అతని పెదాల వైపు చూశాడు. ఆగిపోయిన మిషన్ల వైపు చూశాడు. పలక కింద పెట్టేశాడు.

"రెండేళ్ళాయె అయ్యా నాకు వినపడక. చెబితే పని పోతాదని చెప్పలేదు."

"మరి ఆ నెల?"

"ఆ పాప వేళ్ళకు తెలిసేదయ్యా, తను పక్కన పెట్టిందే నేనూ పక్కన పెట్టినా."