సైరన్ పట్టించిన దొంగ

కారు సైరన్ అస్తమానం ఉత్తినే అరుస్తోందని కొత్తది తెచ్చి, పాతదాని తీగ కత్తిరించాను. దాని పొట్టలో వేరే బ్యాటరీ ఉంటుందని నాకేం తెలుసు! చేతిలోనే చెవులు చిల్లులు పడేలా అరుపు అందుకుంది. దాన్ని పట్టుకుని ఇంట్లోకి పరిగెత్తాను.

వంటింట్లో అమ్మ పాట ఆగింది. వాలుకుర్చీలో నాన్న చెవులు మూసుకుని ఎగిరి గంతేశాడు.

"ఆపరా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

నీళ్ళ బకెట్లో ముంచాక గానీ దాని నోరు మూతపడలేదు. అప్పుడు గుర్తొచ్చింది, నాన్నకి పదేళ్ళుగా బ్రహ్మచెవుడని.

అమ్మ గరిటెతో సహా వచ్చేసింది. "మీ దొంగ చెవుడు తగలెయ్య! నా సణుగుడు తప్పించుకోడానికేగా ఈ నాటకం?"

నాన్న మెల్లగా చెవుల మీంచి చేతులు తీశాడు.

"వినేవాళ్ళుంటే నువ్వు పాడవు కదే!"