చెవికి పెద్ద డాక్టరు

జోగేశ్వరరావు కూతురి వెనక నిలబడి మూడుసార్లు పేరు పెట్టి పిలిచాడు. పిల్ల తిరగలేదు. కొట్లోకి తెచ్చిన స్టీలు కంచం ఒకటి తీసి నేల మీద పడేశాడు. పిల్ల తిరిగింది. వీధిలో పోతున్న ఇద్దరు కూడా తిరిగారు.

"మళ్ళీ వచ్చిందే అమ్మా," అన్నాడు వంటింటి వైపు చూసి. "పిలుపు వినపడట్లేదు. కంచం వినపడుతోంది."

కన్యకకి ఆరేళ్ళు. రెండేళ్ళలో ఇది అయిదోసారి. జలుబు చేస్తుంది. జలుబు తగ్గినా చెవుల్లో నీరు ఉండిపోతుంది. నెలకో రెణ్ణెల్లకో అదీ పోతుంది. పోయినప్పుడు ఏ వైద్యం నడుస్తుంటే ఆ వైద్యానికి పేరొస్తుంది.

ఆ ఇంట్లో ఆ పేరు జోగేశ్వరరావు తల్లి రాజరాజేశ్వరమ్మది. నువ్వుల నూనెలో వెల్లుల్లి రేకలు వేసి కాచి, గోరువెచ్చగా చెవిలో పోస్తుంది. ఈసారీ గరిట పట్టుకుని వచ్చింది. బేబి అడ్డం నిలబడింది.

బేబి జోగేశ్వరరావు భార్య. రాజరాజేశ్వరమ్మకి తమ్ముడి కూతురు. మేనరికం. పుట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో అందరికీ ఆమె బేబే.

"నూనె వద్దత్తా. నీరున్నది పొర వెనకాల. పైన పోసింది అక్కడికి వెళ్ళదు."

"ఎవరు చెప్పారే నీకు?"

"చదివాను."

"నీకు చెవులు కుట్టించింది నేను, దగ్గరుండి. నాకు చెవుల గురించి చెప్తావా?"

జోగేశ్వరరావుకి తల్లి మాటే సబబనిపించింది. అనుభవం అంటూ ఒకటుంటుంది కదా.

నూనెకి తగ్గలేదు. రైల్వేలో రిటైరైన చంద్రరావు గారు హోమియో మాత్రలిచ్చారు. కాఫీ మానాలన్నారు. పిల్లకి కాఫీ అలవాటు లేదు. అందుకని ఇంట్లోవాళ్ళు మానారు.

బ్రాందీ చవగ్గా దొరికే యానాంలో ఒకాయన చెవికి గొట్టం పెట్టి నోటితో పీలుస్తాడని కబురొచ్చింది. జోగేశ్వరరావు పిల్లని తీసుకెళ్ళాడు. ఆయన పీల్చి, అరచేతిలోకి ఉమ్మి, "ఇదిగోనండి పురుగు" అన్నాడు. అది బియ్యంలో ఉండే పురుగు. తిరిగొచ్చే బస్సులో తెలిసినాయన ఒకడు "యానాం వెళ్ళారేంటండీ?" అని నవ్వాడు. "పిల్ల చెవి కోసమండీ" అంటే ఇంకా నవ్వాడు.

మండపేటలో రైసుమిల్లున్న పెదనాన్న వెంకటసుబ్బారావు ఇంకో మార్గం చెప్పాడు. "మిల్లు పక్కన గంటసేపు నిలబెట్టరా. ఆ మోతకి చెవి అదే తెరుచుకుంటుంది." నిలబెట్టారు. పిల్లకి నెత్తి నిండా ఊక వచ్చింది. వినికిడి రాలేదు.

ప్రతిసారీ బేబిది ఒకటే మాట. "చిన్న గొట్టం పెట్టాలి బావా. మత్తిచ్చి చేస్తారు. పావుగంట పని. నాకొదిలెయ్యండి."

"మత్తా!" రాజరాజేశ్వరమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "కన్నతల్లివేనా నువ్వు? పొద్దున్నే చీర కట్టుకుని బయటికి పోతావు. పిల్లతో ఉండేది నేను."

"నువ్వూరుకో బేబీ," అన్నాడు జోగేశ్వరరావు. "పెద్దవాళ్ళు చూసుకుంటారు."

జనవరిలో బడి నుంచి ఉత్తరం వచ్చింది. పిల్ల పాఠం అందుకోవట్లేదు. మాట ముద్దగా వస్తోంది. వేసవి లోపల నయం కాకపోతే పై తరగతికి పంపలేం. చెవిటి పిల్లల బడి చూసుకోండి.

జోగేశ్వరరావు ఆ ఉత్తరం రెండుసార్లు చదివాడు. ఆ రోజు కొట్టు తెరవలేదు. పక్కన కూచున్న కన్యక అతని మొహంలోకి చూసి, "నాన్నా, అందరూ ఎందుకు మెల్లిగా మాట్లాడుతున్నారు?" అంది.

"కాకినాడలో పెద్ద డాక్టరుకి చూపిస్తాను," అన్నాడు.

"ఆయనా ఇదే చెప్తారు బావా," అంది బేబి.

"ఆయన చెప్పడం వేరు."

కాకినాడ వెళ్ళే రోజు బేబికి సెలవు దొరకలేదు. తల్లినీ పిల్లనీ తీసుకుని జోగేశ్వరరావు రాజమండ్రిలో మొదటి బస్సెక్కాడు. కాకినాడలో రెండు గంటలు బల్ల మీద కూచున్నారు. డాక్టరు గారు తలకి అద్దం కట్టుకుని మూడు నిమిషాలు చూశారు.

"నూనె పోసిందెవరు?"

"నేనేనండి," అంది రాజరాజేశ్వరమ్మ ముందుకి జరిగి.

"ఇంకెప్పుడూ పొయ్యకండి. నీరున్నది పొర వెనకాల. పైన పోసింది అక్కడికి వెళ్ళదు. చిన్న గొట్టం పెట్టాలి. మత్తిచ్చి చేస్తారు. పావుగంట పని."

"విన్నావా అమ్మా!" అన్నాడు జోగేశ్వరరావు. "చదువుకున్నవాళ్ళు చెప్తే ఇలా ఉంటుంది. రెండేళ్ళ నుంచి ఈ ముక్క చెప్పిన నాథుడు లేడు."

"మీ చేత్తోనే చేసెయ్యండి బాబూ," అంది రాజరాజేశ్వరమ్మ.

"అంత సన్నపని నా కళ్ళకి ఆనట్లేదమ్మా. దీనికోసం మీరింత దూరం రానక్కర్లేదు. రాజమండ్రిలోనే ఒకరున్నారు. మా మనవడికి చేసింది వాళ్ళే."

"పెద్దవారేనాండి?"

"వయసులో చిన్న. నా మనవణ్ణి అప్పజెప్పానంటే చూసుకోండి."

"మీరు చెప్పాక ఇంకేముందండి. కాళ్ళు పట్టుకునైనా చేయించుకుంటాం."

డాక్టరు గారు చీటీ రాసి, కవర్లో పెట్టి, పైన పేరు రాసిచ్చారు. మెట్లు దిగుతూ రాజరాజేశ్వరమ్మ కొడుకు భుజం తట్టింది.

"పేరేంట్రా ఆయనది? చదువు."

జోగేశ్వరరావు కవరు తిప్పి చూశాడు. పైన డాక్టర్ అని రాసి, దాని పక్కన బేబి అసలు పేరు రాసి ఉంది.